ప్రతి అడుగూ ఒకేలా

వెండితెర అన్న మాట సినిమాహాలు తెరకు పూసిన వెండిరంగు నుంచి పుట్టింది. అసలు వెండి ఉండేది మాత్రం ఎదురుగా ప్రొజెక్టరు గదిలో తిరిగే నలుపు తెలుపు రీలులో. వెలుతురు తగిలితే మారిపోయే వెండి లవణాల స్ఫటికాలను జెలటిన్‌లో కలిపి, ఎమల్షన్ అనే ఆ మిశ్రమాన్ని పారదర్శకమైన పట్టీ మీద పల్చగా పూస్తే అదే ఫిల్ము. అందుకే ఫిల్ము ఎందుకంత ఖరీదని అడిగితే చాలామంది మొదట వెండి పేరే చెబుతారు. ఆ జవాబు ఎంతవరకు నిలుస్తుందో లెక్క వేసి చూద్దాం. 36 ఫొటోలు తీసే మామూలు రీలు పొడవు సుమారు 160 సెంటీమీటర్లు, వెడల్పు మూడున్నర సెంటీమీటర్లు. చదరపు మీటరుకు 5 గ్రాముల వెండి పట్టిందనుకున్నా, ఆ రీలు మొత్తంలో ఉండేది గ్రాములో మూడో వంతు కూడా కాదు. 1980 జనవరిలో అమెరికాలోని హంట్ సోదరులు వెండిని కొని గుప్పిట పట్టడంతో ఔన్సు ధర 50 డాలర్ల దాకా ఎగబాకింది. వెండి చరిత్రలో అంతటి ధర అంతకుముందు లేదు. అప్పుడు కూడా ఒక రీలులోని వెండి విలువ అర డాలరు లోపే. ఔన్సు 5 డాలర్లకు దొరికే రోజుల్లో అయితే నాలుగైదు సెంట్లు. మరి కొన్నవాడు మిగతా డబ్బు దేనికి కట్టినట్టు? ఫిల్ములో ప్రతి అడుగూ పక్క అడుగులాగే ఉండడానికి కట్టాడన్నది నా వాదన. ఆ పోలిక కంటికి కనబడదు. దాన్ని సాధించడానికి పెట్టిన ఖర్చు తట్టుకోవాలంటే సరుకు కోట్ల అడుగుల్లో అమ్ముడుపోవాలి. ఫిల్ము పరిశ్రమ నూట ముప్పై ఏళ్ల చరిత్రలో గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ ఈ ఒక్క లెక్క దగ్గరే తేలిపోయారు.

అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. కుండ అంతా ఒకేలా ఉడికి ఉంటుందన్న నమ్మకం మీదే ఆ పద్ధతి నడుస్తుంది. ఫిల్ము తయారీదారుకు ఆ నమ్మకం ఊరికే రాదు, డబ్బు పోసి కొనుక్కోవాలి. వెలుతురు చూపిస్తే గాని ఫిల్ము బాగుందో లేదో తెలియదు, వెలుతురు చూసిన ఫిల్ము ఇక అమ్మకానికి పనికిరాదు. కాబట్టి అమ్మే అడుగును పరీక్షించే దారి లేదు. దాని పక్క అడుగును పరీక్షించి, ఇదీ అలాగే ఉంటుందని పూచీ పడాలి. ఆ పూచీ తప్పితే నష్టం ఫిల్ము ధరతో పోదు. పెళ్లి అయిపోయాక, సెట్టు విప్పేశాక, నటీనటులు మరో ఊరు వెళ్లిపోయాక బయటపడే లోపం అది. పాడైన చెప్పులకు బదులు కొత్త జత ఇస్తే సరిపోతుంది. పాడైన రీలుకు కొత్త రీలు ఇస్తే పోయిన ముహూర్తం తిరిగి రాదు. సినిమా ఛాయాగ్రాహకులు డబ్బా మీది ఎమల్షన్ నంబరు చూసి, ఒక సన్నివేశానికి కావలసిన ఫిల్మంతా ఒకే బ్యాచ్ నుంచి ఇమ్మని పట్టుబట్టింది ఇందుకే. ఎంత పేరున్న కంపెనీ అయినా రెండు బ్యాచ్‌లను అచ్చంగా ఒకేలా చేయలేదని వాళ్లకు తెలుసు.

ఈ పాఠాన్ని కొడాక్ స్థాపకుడు జార్జ్ ఈస్ట్‌మన్ మొట్టమొదటే, దాదాపు దివాలా అంచున నిలబడి నేర్చుకున్నాడు. అప్పటికి కొడాక్ అన్న పేరు పుట్టలేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో గాజు పలకల మీద జెలటిన్ ఎమల్షన్ పూసి డ్రై ప్లేట్లు అమ్మేవాడు. 1882లో ఉన్నట్టుండి ప్లేట్లు పనిచేయడం మానేశాయి. సూత్రం పాతదే, చేసే చేతులూ పాతవే. ఎమల్షన్‌లో మాత్రం చురుకు లేదు. వందల ప్రయోగాలు చేసినా కారణం దొరకలేదు. ఇంగ్లండులోని న్యూకాసిల్‌కు వెళ్లి, అక్కడ ప్లేట్లు చేసే మాసన్ అండ్ స్వాన్ కంపెనీ పద్ధతులు తెలుసుకుని వచ్చాడు. చివరికి తేలిందేమిటంటే, తప్పు జెలటిన్‌లో ఉంది. చూపుకీ స్పర్శకీ మునుపటిలాగే ఉన్న ఆ సరుకులో ఏదో మారింది. ఆ రోజుల్లోనే ఆయన దుకాణాల్లోని చెడ్డ ప్లేట్లను వెనక్కి తీసుకుని మంచివి పంపాడు. చేతిలో ఉన్న డబ్బంతా దానికే ఊడ్చుకుపోయింది. ఆ తరువాత కొత్తగా వచ్చిన ప్రతి సరుకునూ పరీక్షించకుండా వాడకూడదన్నది అక్కడ నియమమైంది. ఫిల్ము ధరలోకి పరీక్ష ఖర్చు ప్రవేశించింది అప్పుడే. అది ఇక బయటికి పోలేదు.

జెలటిన్‌లో మారినదేమిటో తెలియడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. కొడాక్ పరిశోధనశాలలో పనిచేసిన శామ్యూల్ షెపర్డ్ అనే రసాయనవేత్త 1925లో దాన్ని వెల్లడించాడు. జెలటిన్ పశువుల చర్మాల నుంచి, ఎముకల నుంచి వస్తుంది. ఆ పశువులు మేసిన మేతలో ఆవజాతి మొక్కలుంటే, ఆవాలకు ఘాటునిచ్చే గంధక పదార్థం లేశమాత్రంగా జెలటిన్‌లో మిగిలిపోతుంది. అది పది లక్షల పాళ్లలో కొన్ని పాళ్లే. అయినా ఫిల్ముకు వెలుతురు మీద చురుకు వచ్చేది ఆ పిసరు వల్లే. అంటే అంతకుముందు నాలుగు దశాబ్దాల పాటు ఫిల్ము నాణ్యత పశువుల మేత మీద ఆధారపడి నడిచిందన్నమాట. ఈ సంగతి తెలిశాక తయారీదారులు దారి మార్చారు. ఏ గుణమూ లేని శుద్ధ జెలటిన్ తెచ్చుకుని, గంధకాన్ని తామే కొలిచి కలపడం మొదలుపెట్టారు. 1936లో జర్మనీలోని ఆగ్ఫా కంపెనీలో కోస్లోవ్‌స్కీ మరో అడుగు వేశాడు. ఎమల్షన్‌లో లేశమాత్రం బంగారం లవణం కలిపితే చురుకు రెట్టింపు దాటుతుందని కనుక్కున్నాడు. కంపెనీ ఆ సంగతిని కొన్నేళ్లు గుట్టుగా ఉంచింది. కలిపిన గంధకం, బంగారం విలువ ఎంత? రీలుకు చెప్పుకోదగ్గది కాదు. ఆ పిసరు ఎంతో, ఎప్పుడు కలపాలో తెలుసుకోవడానికి నడిపిన ప్రయోగశాలల ఖర్చు మాత్రం తరాల పాటు సాగింది. ఆ ఖర్చు నాలుగు వేల రీలుల మీద పడితే ఎవరూ కొనలేరు, నాలుగు కోట్ల రీలుల మీద పడితే ఎవరికీ బరువనిపించదు.

ఈ జెలటిన్ కథలో మన దేశానికీ భాగం ఉంది. ఫొటో జెలటిన్‌కు పేరుపడ్డ ముడిసరుకు ఎండిన పశువుల ఎముకలు. అవి భారతదేశం నుంచి దశాబ్దాల పాటు ఓడల్లో పోయాయి. ఎముకను ఆమ్లంలో నానబెట్టి ఖనిజాన్ని తీసేస్తే మిగిలే మెత్తని పదార్థాన్ని ఆస్సీన్ అంటారు. దాన్ని వారాల తరబడి సున్నపునీటిలో ఊరబెట్టి, కడిగి, వేడినీటిలో కాస్తే జెలటిన్ దిగుతుంది. 1970లలో జపాన్ భాగస్వామ్యంతో కేరళలో ఆస్సీన్ ఫ్యాక్టరీ కూడా వెలిసింది. మన ఎముక బయటికి పోయి, మరో దేశంలో జెలటిన్ అయి, ఫిల్ముగా మారి, మద్రాసు స్టూడియోలకు తిరిగొచ్చేది. ఎముకకు వచ్చిన ధరకూ ఫిల్ముకు ఇచ్చిన ధరకూ మధ్య ఉన్న తేడాయే నేను చెబుతున్న పోలిక ఖరీదు.

పూత పూసే పనిలోనూ ఇదే తంతు. 1889లో ఈస్ట్‌మన్ కంపెనీ సెల్యులాయిడ్ ఫిల్మును పొడవాటి గాజు బల్లల మీద తయారు చేసింది. చిక్కటి ద్రావణాన్ని బల్ల మీద పరిచి, ఆరాక దాని మీద ఎమల్షన్ పూసి, ఊడదీసేవారు. బల్ల ఎంత పొడవుంటే ఫిల్ము అంతే పొడవు. ఒక బల్ల మీది మందం మరో బల్ల మీద వచ్చేది కాదు. దాదాపు పదేళ్లకు పెద్ద తిరిగే చక్రం వచ్చింది. దాని మీద ద్రావణం ఆగకుండా పారి, ఆరి, అంతులేని పట్టీగా బయటికొచ్చేది. అక్కడి నుంచి ఫిల్ము ఆగకూడని పని అయింది. యంత్రం ఆపి మళ్లీ మొదలుపెడితే, వేగం నిలకడకు వచ్చేలోగా పోయే సరుకంతా చెత్తే. రాత్రీ పగలూ నడిస్తేనే చెత్త పాలు తగ్గుతుంది, నడవాలంటే కొనేవాళ్లుండాలి. రంగుల ఫిల్ము వచ్చాక ఈ బంధం మరింత బిగిసింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులకు వేర్వేరు పొరలు, మధ్యలో వడపోత పొరలు, పైన రక్షణ పొర, అన్నీ కలిసి పది, పన్నెండు దాటుతాయి. మొత్తం మందం తలవెంట్రుకలో మూడో వంతు. ఇన్ని పొరలనూ ఒకదానితో ఒకటి కలవకుండా ఒకేసారి జార్చి పూసే యంత్రం కావాలి, అదీ చిమ్మచీకట్లో, మీటరుకు పైగా వెడల్పున్న పట్టీ పరుగెత్తుతుండగా. అలాంటి యంత్రాన్ని చిన్నదిగా కట్టినా ఖర్చు ఆ నిష్పత్తిలో తగ్గదు.

ఇంత చేసినా ప్రమాదం ఊహించని వైపు నుంచి వచ్చేది. 1945లో కొడాక్ ఎక్స్‌రే ఫిల్ము మీద కారణం తెలియని నల్లచుక్కలు కనిపించాయి. ఫిల్ములో లోపం లేదు. దాన్ని ప్యాక్ చేసిన అట్ట గడ్డితో చేసినది. ఆ అట్ట తయారైన మిల్లు ఇండియానా రాష్ట్రంలోని విన్సెన్స్‌లో, నది ఒడ్డున ఉంది. కొడాక్ శాస్త్రవేత్త జూలియన్ వెబ్ ఆ అట్టను పరీక్షించి, అందులో సిరియం-141 అనే రేడియోధార్మిక ఐసోటోపును పట్టుకున్నాడు. అదే ఏడాది జులై 16న న్యూమెక్సికో ఎడారిలో పేల్చిన మొదటి అణుబాంబు ధూళి గాలిలో తేలి, వెయ్యి మైళ్లకు పైగా అవతల నదీజలాల్లో కలిసి, మిల్లు నీటి ద్వారా అట్టలోకి చేరింది. ఫిల్ముకు చుట్టిన కాగితం, అట్ట, డబ్బా రేకు, కడిగే నీరు, పీల్చే గాలి, వీటిలో ఏ ఒక్కటీ అల్పమైనది కాదని ఈ ఘటన చెబుతుంది. అందుకే పెద్ద కంపెనీలు ముడిసరుకుల వైపు వెనక్కి వెనక్కి విస్తరించాయి. కొడాక్ 1920లో టెనసీ రాష్ట్రంలోని కింగ్స్‌పోర్ట్‌లో రసాయనాల కర్మాగారం పెట్టింది, 1930లో మసాచుసెట్స్‌లోని పీబడీలో జెలటిన్ ఫ్యాక్టరీ కొంది. ఆశ ఒక్కటే దీనికి కారణమంటే నేను ఒప్పుకోను. పరాయివాడి జెలటిన్ తన కంపెనీని ముంచబోయిన 1882ను ఈస్ట్‌మన్ మరచిపోలేదు.

అలాగని తయారీదారులు ఎప్పుడూ నాణ్యత పక్షానే నిలిచారని చెప్పడం చరిత్రను దాచడమే. నైట్రేట్ ఫిల్ము సంగతి చూడండి. సెల్యులోజ్ నైట్రేట్ పట్టీ తుపాకీ మందుకు దగ్గరి చుట్టం. అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. 1929 మే 15న అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో నిలవ ఉంచిన నైట్రేట్ ఎక్స్‌రే ఫిల్ములు అంటుకుని, ఆ విషవాయువులకు 123 మంది చనిపోయారు. మంట తక్కువగా పట్టే అసిటేట్ ఫిల్ము చేయడం అప్పటికే వచ్చు. ఇళ్లలో వాడే 16 ఎం.ఎం. ఫిల్మును 1923లో తెచ్చినప్పుడే కొడాక్ దాన్ని అసిటేట్ మీదే ఇచ్చింది. అయినా సినిమాహాళ్లకు వెళ్లే 35 ఎం.ఎం. ఫిల్ము మాత్రం మరో పాతికేళ్లు నైట్రేట్‌గానే ఉండిపోయింది. కారణం, ఆనాటి అసిటేట్ కుంచించుకుపోయేది, ప్రొజెక్టరు పళ్ల తాకిడికి త్వరగా చిరిగేది, పైగా ఖరీదెక్కువ. నైట్రేట్ చవక, గట్టి. 1948లో గట్టిదనంలో దానికి సాటివచ్చే ట్రయాసిటేట్ వచ్చాకే నైట్రేట్‌ను వదిలారు. ఈ మధ్యకాలంలో ప్రాణాపాయం ఖర్చును భరించింది ప్రొజెక్టరు ఆపరేటర్లు, ప్రేక్షకులు, హాలు యజమానులు. మన దేశంలో 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం సినిమా ప్రదర్శించే చోట్లకు లైసెన్సు తప్పనిసరి చేయడం వెనుక ఈ మంటల భయం కూడా ఉంది. ఫిల్ము ధర తక్కువగా కనిపించినప్పుడు, మిగతా ధర ఎవరి మీద పడిందో చూడకుండా అది చవక అనకూడదు. ట్రయాసిటేట్‌కు కూడా తన రోగం ఉంది. వేడి, తేమ ఉన్న చోట అది కుళ్లి వెనిగర్ వాసన వేస్తుంది. మద్రాసు ఉక్కపోతలో సరైన చల్లదనం లేని గదుల్లో ఏళ్ల తరబడి పడి ఉన్న మన పాత చిత్రాల రీళ్లకు అంతకంటే పెద్ద శత్రువు లేదు.

వెండిని మరీ తేలిగ్గా తీసేస్తున్నానని ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపణలో నిజం ఉంది. కెమెరా రీలుకు నేను వేసిన లెక్క ఎక్స్‌రేకు పనికిరాదు. ఛాతీ ఎక్స్‌రేకు వాడే 14 అంగుళాలు, 17 అంగుళాల షీటు వైశాల్యంలో మూడు కెమెరా రీళ్లకు దగ్గరగా ఉంటుంది, పైగా దానికి రెండు వైపులా ఎమల్షన్ పూస్తారు. కాబట్టి 1980 వెండి దెబ్బ ఎక్కువగా తగిలింది ఆసుపత్రులకు. వాడిన ఎక్స్‌రే ఫిల్మును కొని వెండి తీసుకునే వ్యాపారం నిలబడిందీ, పాత నలుపు తెలుపు సినిమా ప్రింట్లు వెండి కోసం కరిగిపోయిందీ ఇందువల్లే. కానీ కంపెనీలు ఈ దెబ్బను ఎలా కాచుకున్నాయో గమనించండి. వెండి తగ్గించి నాసిరకం ఫిల్ము అమ్మలేదు. 1980ల మొదట్లో కొడాక్ బిళ్లల్లా పల్చగా ఉండే వెండి స్ఫటికాలను తెచ్చింది. గుండ్రాయి కంటే పలక ఎక్కువ ఎండ పట్టినట్టు, ఆ ఆకారం తక్కువ వెండితో ఎక్కువ వెలుతురును పట్టుకుంటుంది. వెండి ఆదా అయింది, బొమ్మ నాణ్యతా పెరిగింది. ఆ ఆదా దక్కింది ఏళ్ల పరిశోధనకు డబ్బు ముందే పెట్టగలిగిన వాళ్లకే. చిన్న తయారీదారు వెండి ధరను కొనేవాడి మీద వేయడం తప్ప మరేమీ చేయలేకపోయాడు.

గుత్తాధిపత్యం వల్లే ధరలు ఎక్కువన్నది మరో ఆక్షేపణ. 1954లో అమెరికా ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం కొడాక్ రంగుల ఫిల్ము ధరలోనే డెవలపింగ్ ఖర్చు కలిపి అమ్మడం మానుకోవలసి వచ్చింది. గుత్తాధిపత్యం ఉండేదనడానికి అదే సాక్ష్యం. అయితే గుత్తాధిపత్యమే మూలమైతే, దాన్ని సడలించినప్పుడు కొత్త తయారీదారులు పుట్టుకు రావాలి. అలా జరగలేదు. కొడాక్‌ను నిజంగా ఎదిరించగలిగింది జపాన్‌లోని ఫుజి. అదీ కొడాక్ అంత కావడానికి సిద్ధపడి, అయ్యాకే. 1934లో హకోనే కొండల దిగువన, మంచి నీరూ శుభ్రమైన గాలీ ఉన్న అషిగర దగ్గర మొదలై, దశాబ్దాల పాటు దేశీయ మార్కెట్ నీడలో పెరిగి, ఆ తరువాతే ప్రపంచం మీదికి వచ్చింది.

సినిమాలో కొండంత అమ్మకం ఎక్కడ నుంచి వచ్చేదో తెలిస్తే మన దేశపు కథ అర్థమవుతుంది. సెకనుకు 24 ఫ్రేములు, అడుగుకు 16 ఫ్రేములు. అంటే నిమిషానికి 90 అడుగులు. మూడు గంటల పౌరాణికం 16,000 అడుగులు దాటుతుంది. షూటింగ్‌లో దానికి అయిదారు రెట్ల నెగెటివ్ వాడినా లక్ష అడుగులే. అదే చిత్రం వంద ప్రింట్లతో విడుదలైతే 16 లక్షల అడుగుల పాజిటివ్ కావాలి. పరిస్తే విజయవాడ నుంచి చెన్నై దాటిపోయే పొడవు అది. కంపెనీలను పోషించింది ఈ పాజిటివే. దాని మీద అడుగుకు వచ్చే లాభం కొంచెమే, అడుగులకు అంతు లేదు. మన దగ్గర మాత్రం ముడిఫిల్ము అంతా దిగుమతే. రెండో ప్రపంచయుద్ధంలో ఓడలు రాక, 1942లో ప్రభుత్వం కథాచిత్రాల నిడివిని 11,000 అడుగులకు కుదించింది. 1943లో ముడిఫిల్ముకు లైసెన్సు పెట్టింది. ఎవరు సినిమా తీయాలో, ఎంత తీయాలో మన దేశంలో చేయని ఆ పట్టీయే నిర్ణయించింది. స్వాతంత్య్రం వచ్చాక విదేశీ మారకం కొరత అదే పని చేసింది. తూర్పు జర్మనీతో రూపాయల్లో వ్యాపారం సాగే వీలుండడంతో వోల్ఫెన్‌లో తయారైన ఆర్వో ఫిల్ము మన స్టూడియోల్లోకి వచ్చింది. అప్పట్లో నిర్మాత ఫిల్మును ఎంచుకునేది నాణ్యత చూసి కాదు, ఏ దేశపు కరెన్సీ అందుబాటులో ఉందో చూసి.

ఈ పరాధీనత పోవాలనే 1960 నవంబరులో కేంద్ర ప్రభుత్వం హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్‌ను ఏర్పాటు చేసింది. చోటు ఊటీ. సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకు పైన, దుమ్ము లేని గాలి, ఏడాది పొడుగునా చల్లదనం. మైదానంలో యంత్రాలతో తెచ్చుకోవలసిన చలువ అక్కడ ఉచితం. సాంకేతిక సహకారం ఫ్రాన్సులోని బోషే కంపెనీది. 1967లో ఉత్పత్తి మొదలైంది. సరుకుకు పెట్టిన పేరు ఇందు. చంద్రుడి పేరు వెండి పూసిన సరుకుకు ఎంత చక్కగా కుదిరిందో చెప్పనక్కరలేదు. ఫ్యాక్టరీ చుట్టూ వెలిసిన ఊరు ఇందునగర్ అయింది. నలుపు తెలుపు రోల్ ఫిల్ములు, సినిమా పాజిటివ్, ఫొటో కాగితం, ఎక్స్‌రే ఫిల్ము అక్కడ తయారయ్యాయి. మన జిల్లా ఆసుపత్రుల్లో, చిన్న ఊళ్ల స్టూడియోల్లో ఆ పేరు ఒకప్పుడు ఇంటిపేరంత పరిచయం. చేసిన పని చిన్నది కాదు. ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టగల దేశాలకే చేతనైన విద్యను మన కార్మికులు చీకటిగదుల్లో నేర్చి, చేసి చూపించారు.

రంగుల ఫిల్ము మాత్రం ఇందునగర్ సొంతంగా చేయలేకపోయింది. విదేశాల నుంచి వెడల్పాటి జంబో రోల్స్ తెప్పించి, కోసి, అంచులకు రంధ్రాలు వేసి, డబ్బాల్లో పెట్టి అమ్మింది. లాభమున్న భాగం బయటివాళ్ల దగ్గరే ఉండిపోయింది. సినిమా రంగులకు మారేకొద్దీ నలుపు తెలుపు పాజిటివ్ అడుగులు ఏటేటా పడిపోయాయి. ఉన్న యంత్రాల ఖర్చు తగ్గలేదు, పంచుకునే అడుగులు తగ్గాయి. ఆ లోటు పూడ్చడానికి భారీ అప్పులతో పాలియెస్టర్ ఎక్స్‌రే ఫిల్ము ప్రాజెక్టు చేపట్టారు. అది చేతికి అందే సమయానికి 1991 తరువాతి సరళీకరణ వచ్చి, దిగుమతి సుంకాలు దిగి, విదేశీ ఎక్స్‌రే ఫిల్ము తక్కువ ధరకు వచ్చి పడింది. 1990ల మధ్యకల్లా సంస్థ ఖాయిలా పరిశ్రమగా, అలాంటి సంస్థల భవిష్యత్తు తేల్చే బీఐఎఫ్‌ఆర్ అనే బోర్డు ముందు నిలిచింది, 2003లో దాన్ని మూసేయవచ్చని ఆ బోర్డు తేల్చింది.

ప్రభుత్వ సంస్థ కాబట్టి అలసత్వం వల్లే మునిగిందని వాదించేవాళ్లున్నారు. నిర్ణయాలు ఆలస్యమయ్యాయన్నది నిజమే. కానీ అలసత్వమే కారణమైతే సమర్థులైన ప్రైవేటు కంపెనీలు నిలబడాలి కదా. ఇంగ్లండులో 1879 నుంచి ఫొటో సరుకులు చేసిన ఇల్ఫర్డ్ 2004లో చేతులెత్తేసింది. ఆగ్ఫా ఫొటో విభాగం 2005లో దివాలా తీసింది. 2012 జనవరిలో కొడాకే దివాలా రక్షణ కోరింది. ఫుజి 2013లో సినిమా ఫిల్ము ఆపేసింది. కొడాక్ సినిమా ఫిల్ము అమ్మకం 2006లో 1,240 కోట్ల అడుగులు, 2014కు 45 కోట్ల అడుగుల లోపుకు దిగింది. నూటికి 96 పాళ్లు పోయాయన్నమాట. ఫిల్ము నాణ్యత ఆ ఎనిమిదేళ్లలో తగ్గలేదు, అంతకుముందు ఎన్నడూ లేనంత బాగుంది. హాళ్లు డిజిటల్ ప్రొజెక్టర్లకు మారడంతో పాజిటివ్ ప్రింట్లు అక్కర్లేకుండా పోయాయి, నాణ్యతను మోసిన అడుగులు అలా మాయమయ్యాయి. అందుకే హాలీవుడ్ స్టూడియోలు 2015లో కొడాక్‌ను బతికించడానికి ఏటా ఇంత ఫిల్ము కొంటామని ఒప్పందం చేసుకున్నాయి. పోటీ సరుకు కంటే మెరుగ్గా చేయమని వాళ్లు అడగలేదు, పరిమాణానికే హామీ ఇచ్చారు. ఇల్ఫర్డ్ ఉద్యోగులు కొందరు ఆ ఫ్యాక్టరీని కొని, నలుపు తెలుపుకే పరిమితమై, చిన్నదిగా చేసుకుని నిలబెట్టారు. చెక్ దేశంలో ఫోమా కూడా అదే దారిలో బతికింది. చిన్న తయారీదారులు బతకగలరని చెప్పడానికి ఈ ఉదాహరణలే చూపిస్తారు. వాళ్లు బతికిందెక్కడో చూడండి. పొరలు తక్కువైన నలుపు తెలుపులో, ఎప్పుడో డబ్బు తీరిపోయిన పాత యంత్రాల మీద. కొత్తగా పది, పన్నెండు పొరల రంగుల ఫిల్ము యంత్రం కట్టి నిలబడిన చిన్న కంపెనీని ఈ చరిత్ర చూపించదు.

కాబట్టి ఇందు ఫిల్ము కథను ఒక ప్రభుత్వ సంస్థ వైఫల్యంగా చెప్పుకోవడం ఆ కార్మికులకు అన్యాయమని నా అభిప్రాయం. అడుగుల కొండ ఉన్న రోజుల్లో మనకు ఫ్యాక్టరీ లేదు, ఫ్యాక్టరీ వచ్చేసరికి ఆ కొండ రంగుల వైపు జరిగిపోయింది. ఇందునగర్‌లో నలుపు తెలుపు పూత యంత్రాలు తిరగడం మొదలైంది 1967లో. తెలుగులో మొదటి పూర్తి నిడివి రంగుల చిత్రం లవకుశ, బెల్జియం నుంచి వచ్చిన గేవాకలర్ ఫిల్ము మీద తీసినది, 1963 మార్చిలోనే విడుదలైంది.